పది డాలర్ల పందెం, రెండు వారాల జీతం

మాది భీమవరం దగ్గర ఒక ఊరు. పందెం అంటే నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ సంక్రాంతికి బరి దగ్గర జరిగేదే. కళ్లముందే నోట్ల కట్టలు చేతులు మారుతుంటే మేం పిల్లలం చెరుకు ముక్క నములుతూ చూసేవాళ్లం. అలాంటి ఊళ్లో పుట్టినవాణ్ణి, అమెరికా వచ్చి పది డాలర్ల పందేనికి శిక్ష వేయించుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు, నేనే వెళ్లి చెప్పుకున్నాను. జరిగి రెండేళ్లు దాటింది. క్యాంపస్‌లో అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో, అంటే యూనివర్సిటీ ఆటలన్నీ చూసే విభాగంలో, పార్ట్‌టైమ్ చేసే మనవాళ్లకి పనికొస్తుందని, నా కడుపులో ఇంకా కాస్త మిగిలిన మంట కూడా తగ్గుతుందని రాస్తున్నా.

2022 ఫాల్‌లో ఎంఎస్‌కి వచ్చాను. యూనివర్సిటీ పేరు చెప్పను. మొదటి సెమిస్టర్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగాను, జనవరిలో అదృష్టం కలిసొచ్చి పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు వీడియో రూమ్‌లో పని దొరికింది. ప్రాక్టీస్ షూట్ చేయడం, క్లిప్పులు కట్ చేయడం, ఎవరు ఎక్కణ్ణుంచి షాట్ వేశారో ట్యాగ్ చేయడం. గంటకి 13 డాలర్లు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లం సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి చేయకూడదు కాబట్టి లెక్క సులువు, వారానికి 260. నా వాటా అద్దె 410. మిగతాది సరుకులు, ఫోన్ బిల్లు, ఇంటికి పంపుతానని చెప్పి ఎప్పుడూ పంపని డబ్బు.

చేరిన రోజు ఆన్‌లైన్‌లో ఒక గుట్ట కాగితాల మీద సంతకాలు పెట్టించారు. చదివానా అంటే చదవలేదు. బ్యాంకు లోను కాగితాలే చదవకుండా సంతకం పెట్టి వచ్చినవాళ్లం, ఇవి చదువుతామా.

మార్చి వచ్చింది. అమెరికాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ ఇండియాలో వాళ్ల కోసం: మార్చిలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ జరుగుతుంది, 68 జట్లు, ఓడితే ఇంటికే. మొదలవకముందే ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో మొత్తం చార్టు నింపడం ఇక్కడ జాతీయ వ్యసనం, దాన్నే బ్రాకెట్ అంటారు. ఆఫీసుల్లో, చర్చిల్లో, మంగలి షాపుల్లో తలా ఐదో పదో వేసుకుని ఆడతారు. మా అపార్ట్‌మెంట్‌లో 11 మంది తెలుగువాళ్లం తలా 10 డాలర్లు వేశాం. డబ్బు పోగేసింది మా సీనియర్ అన్న ఒకాయన, ఆయన కూడా అథ్లెటిక్స్‌లోనే, ఎక్విప్‌మెంట్ రూమ్‌లో జెర్సీలు ఉతికి సర్దే పని. మా యూనివర్సిటీ జట్టు ఆ ఏడాది టోర్నమెంట్ దాకా రానేలేదు.

నేను వీడియో రూమ్ వాణ్ణి కదా, నాకు అంతా తెలుసనే పొగరుతో పర్‌డ్యూ ఛాంపియన్ అని రాశాను. పర్‌డ్యూ నంబర్ వన్ సీడ్. సీడ్ అంటే జట్టు బలాన్ని బట్టి ఇచ్చే నంబరు, ఒకటి అన్నిటికన్నా బలం, పదహారు ఆఖరు. రెండో రోజే, మార్చి 17న, ఫెయిర్‌లీ డికిన్సన్ అనే పదహారో సీడ్ చేతిలో 63-58తో ఓడిపోయింది. పురుషుల టోర్నమెంట్ చరిత్రలో పదహారో సీడ్ మొదటి సీడ్‌ని ఓడించడం అది రెండోసారి మాత్రమే. 110 డాలర్లు గెలిచింది జెర్సీ రంగులు చూసి జట్లు ఎంచుకున్న మా వంటగది స్పెషలిస్టు. ఆ డబ్బుతో అందరికీ బిర్యానీ తెప్పించాడు. నా పదిలో సగం అలా తిరిగొచ్చిందనుకున్నా.

ఆగస్టులో సీజన్ ముందు అథ్లెటిక్స్‌లో అందరికీ రూల్స్ మీటింగ్ పెట్టారు. ఆ ఏడాది వాతావరణం వేడిగా ఉంది, ఎందుకంటే మే నెలలో అయోవా, అయోవా స్టేట్ యూనివర్సిటీల ఆటగాళ్ల బెట్టింగ్ వ్యవహారం బయటపడి, ఆగస్టుకల్లా కొందరి మీద క్రిమినల్ కేసులు కూడా పడ్డాయి. వాటిలో కొన్నింటిని 2024 మార్చిలో ప్రాసిక్యూటర్లే వెనక్కి తీసుకున్నారు, అది తర్వాతి సంగతి. కంప్లయన్స్ ఆఫీసర్, అంటే నియమాలు పాటిస్తున్నామో లేదో చూసే ఆవిడ, ఒక్కో స్లైడ్ తిప్పుతూ వెళ్తోంది, నేను కింద ఫోన్ చూసుకుంటున్నా. ఒక స్లైడ్ మీద మార్చి బ్రాకెట్ బొమ్మ పడింది. ఎంట్రీ ఫీజు కట్టి, గెలిచినవాడికి డబ్బిచ్చే బ్రాకెట్ ఏదైనా, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం పందెమే, అథ్లెటిక్స్‌లో పని చేసేవాళ్లు ఆడకూడదు, స్టూడెంట్ వర్కర్లు కూడా. నా అరచేతులు చల్లబడ్డాయి.

వారం రోజులు నిద్ర లేదు. ఎవరికి తెలుస్తుంది, చెప్పకపోతే ఏం అనుకునేవాణ్ణి. మళ్లీ, డబ్బు పంపింది ఫోన్ యాప్‌లో, దాని కింద నేనే సరదాగా "బ్రాకెట్" అని రాసి బాస్కెట్‌బాల్ బొమ్మ పెట్టాను. పైగా అబద్ధం చెప్పి దొరికితే అసలు తప్పుకన్నా అదే పెద్ద తప్పని అదే మీటింగ్‌లో చెప్పారు. వీసా భయం ఒకటి. ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి "నా ఫ్రెండ్‌కి ఇలా జరిగితే స్టేటస్‌కి ఏమన్నా అవుతుందా" అని అడిగాను. అక్కడున్నాయన నవ్వాపుకుంటూ, క్యాంపస్ ఉద్యోగం పోయినంత మాత్రాన మీ ఫ్రెండ్ స్టేటస్ పోదని చెప్పాడు.

ముందు సీనియర్ అన్నకి ఫోన్ చేశా. ఆయన మేలోనే డిగ్రీ పూర్తిచేసుకుని డాలస్‌లో ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగంలో చేరిపోయాడు. "ఒరేయ్, నీ సత్యహరిశ్చంద్ర వేషాలు నీ దగ్గర పెట్టుకో, నా పేరు తేకు" అన్నాడు. అడిగితే చెప్పాల్సి వస్తుంది అన్నా అంటే ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఆయనే మళ్లీ చేసి, సరే చెప్పుకో, నేనిప్పుడు అక్కడ లేను కదా అన్నాడు. ఆ మాటలో ఎంత నిజం ఉందో అప్పుడు నాకు తెలియదు.

కంప్లయన్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పేశా. ఇంటర్వ్యూ గంటన్నర పట్టింది. చిన్న గది, ఇద్దరు మనుషులు, అందులో ఒకరు ఆ కంప్లయన్స్ ఆవిడే, రికార్డ్ చేస్తాం పర్లేదా అని అడిగారు. ఎప్పుడు, ఎంత, ఎవరికి, ఎలా పంపావు, స్క్రీన్‌షాట్ ఇవ్వు. ఇంకేమైనా ఆడావా? యాప్‌లు ఉన్నాయా? ఫోన్ చూపించాను. ఆటగాళ్ల గాయాల గురించి, ప్రాక్టీస్‌లో చూసిన వాటి గురించి బయట ఎవరికైనా చెప్పావా? ఈ ప్రశ్న దగ్గర మాత్రం నాకు ఆ నియమం ఎందుకుందో మొదటిసారి బుర్రకెక్కింది. ఎవడు మోకాలికి కట్టు కట్టుకుని తిరుగుతున్నాడో, ఎవడు శనివారం ఆడడో పేపర్లకన్నా ముందు మా వీడియో రూమ్‌కే తెలుస్తుంది. బెట్టింగ్ చేసేవాడికి అది బంగారం. కాబట్టి నియమం తప్పని నేను ఇప్పటికీ అనను.

మధ్యలో నేనే అమాయకంగా అడిగాను, ఐపీఎల్ మీద కూడా కట్టకూడదా అని. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ పెట్టే ఆటలకే ఆ నియమం, క్రికెట్ ఆ జాబితాలో లేదు. ఆవిడ పుస్తకం తిరగేసి, "క్రికెట్ పర్లేదనుకుంటా, కానీ దయచేసి వద్దు" అంది. ఇండియాలో డ్రీమ్11 వాడే ఆంధ్రావాళ్లని, తెలంగాణవాళ్లని డబ్బులాటలోకి రానిచ్చేవాడు కాదు, ఇక్కడ ఎన్‌సీఏఏ క్రికెట్‌ని వదిలేసింది. నాకేమో క్రికెట్ మీద పందెం కట్టే సరదా లేదు.

ఆ తర్వాత నాలుగు వారాలు ఎదురుచూపు. పని చేస్తూనే ఉండొచ్చన్నారు. రాత్రిళ్లు కూర్చుని ఇలాంటి కేసుల్లో ఎవరికి ఏం పడిందో వెతకడం మొదలుపెట్టా, నాకేం పడుతుందో ఊహించుకోవాలని.

నా కేసుకి బాగా దగ్గరగా ఉన్నది వాషింగ్టన్ యూనివర్సిటీ (అమెరికన్) ఫుట్‌బాల్ కోచ్ రిక్ న్యూహైజల్‌ది. బయట స్నేహితులతో మార్చి బ్రాకెట్ పూల్స్‌లో ఆడాడని 2003లో ఉద్యోగం తీసేశారు. ఆయన కోర్టుకెక్కాడు. తీరా చూస్తే ఆ యూనివర్సిటీ కంప్లయన్స్ ఆఫీసరే, బయట పూల్స్‌లో ఆడితే తప్పులేదని మెమో పంపి ఉన్నారు. 2005లో ఎన్‌సీఏఏ, యూనివర్సిటీ కలిసి ఆయనకి 45 లక్షల డాలర్లకి రాజీ చేసుకున్నాయి. నాకు మెమో లేదు, సంతకం పెట్టిన కాగితం మాత్రం ఉంది.

యూఎస్‌సీ, అంటే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఫుట్‌బాల్ జట్టు కథ చదివి ఒక రాత్రి సగం మేలుకున్నా. రెజీ బుష్ అనే ఆటగాడు, అతని కుటుంబం ఏజెంట్ల దగ్గర డబ్బు, ఇల్లు లాంటివి తీసుకున్నారని 2010 జూన్‌లో శిక్ష వేశారు: రెండేళ్లు బౌల్ మ్యాచ్‌లు (సీజన్ చివర మంచి జట్లకి పెట్టే పెద్ద మ్యాచ్‌లు) ఆడకూడదు, 30 స్కాలర్‌షిప్పులు కోత. బుష్ 2006లోనే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు. కోచ్ పీట్ కారల్ శిక్ష పడటానికి ఐదు నెలల ముందు అదే లీగ్‌లోని సియాటిల్ సీహాక్స్‌కి వెళ్లాడు, అక్కడ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా గెలిచాడు. శిక్ష అనుభవించింది బుష్ ఆడే రోజుల్లో స్కూల్లో ఉన్న పిల్లలు. మా అన్న డాలస్ నుంచి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది, "నేనిప్పుడు అక్కడ లేను కదా."

డాలస్ అంటే ఎస్‌ఎంయూ, సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ. అక్కడి మనవాళ్లు రోజూ ఆ క్యాంపస్ పక్కనుంచే కార్లు నడుపుతుంటారు, చాలామందికి ఈ సంగతి తెలిసుండదు. ఆటగాళ్లకి దొంగచాటుగా డబ్బులిచ్చారని 1987 ఫుట్‌బాల్ సీజన్ మొత్తం రద్దు చేశారు, దానికి డెత్ పెనాల్టీ అనే పేరుంది. 1988లో యూనివర్సిటీ తనంతట తానే ఆడలేదు. మళ్లీ బౌల్ మ్యాచ్ ముఖం చూడటానికి 2009 దాకా పట్టింది. దాని ఫలితం చూసి దడుచుకున్నారో ఏమో, ఎన్‌సీఏఏ మళ్లీ ఏ పెద్ద ఫుట్‌బాల్ జట్టుకీ ఆ శిక్ష వేయలేదు.

ఇప్పుడు గాలి రెండో వైపుకి తిరిగింది. నా మీటింగ్‌కి నెల ముందే, 2023 జూలైలో, టెనసీ యూనివర్సిటీ కేసు తేలింది. అత్యంత తీవ్రమైన స్థాయి ఉల్లంఘనలు 18. శిక్ష 80 లక్షల డాలర్లకి పైగా జరిమానా, స్కాలర్‌షిప్పుల కోత. బౌల్ నిషేధం మాత్రం లేదు, తప్పు చేయని ఇప్పటి ఆటగాళ్లని శిక్షించకూడదని. బాగుంది. అప్పటి కోచ్‌కి ఆరేళ్ల షో-కాజ్ కూడా వేశారు, అంటే ఆ ఆరేళ్లలో అతన్ని ఏ కాలేజీ తీసుకోవాలన్నా ఎన్‌సీఏఏ ముందు కారణం చెప్పుకోవాలి. వెళ్లిపోయినవాడి వెంట శిక్ష వెళ్లే పద్ధతి ఇదొక్కటే. ఇందులోనూ ఒక చిల్లు ఉంది. నా కేసు ముగిసిన మరుసటేడు, మిషిగన్ మాజీ కోచ్ జిమ్ హార్బాకి 2024 ఆగస్టులో నాలుగేళ్ల షో-కాజ్ వేసేనాటికి ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చార్జర్స్ కోచ్. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాడికి అద్దె నోటీసు పంపినట్టు.

ఇవన్నీ చదివి నేను ఊహించుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి.

సెప్టెంబర్ ఆఖర్లో ఉత్తరం చేతికిచ్చారు. లెవల్ త్రీ, అంటే అన్నిటికన్నా చిన్న స్థాయి. హెచ్చరిక లేఖ, ఒక క్లాసు, రెండు వారాలు ఆటకి సంబంధించిన ఏ పనికీ రాకూడదు. యూనివర్సిటీయే శిక్ష నిర్ణయించి ఎన్‌సీఏఏకి పంపుతుంది, వాళ్లు సరేనంటే అయిపోయినట్టే. సంతకం పెట్టేశా, ఇంతే కదా అని ఊపిరి పీల్చుకున్నా.

మెట్లు దిగుతుంటే లెక్క తగిలింది. నాది గంటల జీతం. రెండు వారాలు రాకపోతే 520 డాలర్లు లేవు. నెల అద్దె కన్నా ఎక్కువ.

అదే మీటింగ్ తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకాయన కూడా తన పాత స్నేహితుల పూల్‌లో 20 డాలర్లు వేశానని చెప్పుకున్నాడు. ఫుల్‌టైమ్ ఉద్యోగి, మంచివాడే, నాకు వీడియో కట్ చేయడం నేర్పింది ఆయనే. ఆయనకీ అక్షరం పొల్లుపోకుండా అదే ఉత్తరం. హెచ్చరిక, క్లాసు, రెండు వారాలు. కానీ ఆయనది నెల జీతం. ఆట పనికి దూరంగా ఉండమన్నారు గానీ జీతం ఆపమనలేదు. ఇంటి వెనక డెక్‌కి రంగులేసుకున్నానని తిరిగొచ్చాక ఆయనే చెప్పాడు, నొప్పిస్తున్నానని ఆయనకి తట్టలేదు. కాగితం మీద ఇద్దరికీ ఒకటే శిక్ష. ఆయనకి సెలవు, నాకు అద్దె.

ఇంకా ఉంది. ఆ ఏడాది జూన్‌లో ఎన్‌సీఏఏ ఆటగాళ్ల బెట్టింగ్ శిక్షలకి కొత్త పట్టిక తెచ్చింది. సొంత జట్టు, సొంత యూనివర్సిటీ, వేరే కాలేజీల్లో తామాడే ఆట జోలికి పోకుండా కట్టిన పందేలు మొత్తం 200 డాలర్ల లోపైతే క్లాసు ఒక్కటే, మ్యాచ్ పోదు. 800 దాటితే సీజన్‌లో 30 శాతం పోతుంది. అంటే మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడెవడైనా నా పక్కన కూర్చుని అదే బ్రాకెట్‌లో అదే పది డాలర్లు వేసుంటే వాడికి క్లాసుతో సరి. నేను స్టాఫ్ కాబట్టి ఎక్కువ బాధ్యత అన్నారు. నియమం దగ్గర నేను స్టాఫ్‌ని, జీతం దగ్గర స్టూడెంట్‌ని. ఆ పట్టిక ఆటగాళ్లందరికీ చల్లగా ఉందని కాదు, సొంత యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు మీద పందెం కట్టిన ఒక అయోవా ఫుట్‌బాల్ ఆటగాడు 2023 సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు, అప్పీలు చేసినా లాభం లేకపోయింది. అది కాలేజీలో అతని ఆఖరి ఏడాది.

నేను అప్పీలు లాంటిది చేయలేదు, ఒక మెయిల్ రాశా. శిక్ష తీసేయమని అడగలేదు. రెండు వారాలు ఆటతో సంబంధం లేని పని ఏదైనా ఇవ్వండి, లేకపోతే శిక్షని రోజుల్లో కాకుండా డబ్బుగా లెక్కేసి ఇద్దరికీ జీతంలో అంతే భాగం కోయండి అని. మూడుసార్లు రాసి కొట్టేసి, రూమ్మేట్ చేత ఇంగ్లిష్ దిద్దించి పంపా. జవాబు తొమ్మిది రోజులకి వచ్చింది, అప్పటికి శిక్షలో సగం పైనే అయిపోయింది. కంప్లయన్స్ ఆవిడ నిజాయితీగానే రాసింది, జీతం విషయం తమకి తట్టలేదని, ఆ పద్ధతి మార్చే అధికారం తనకి లేదని. కానీ పాత క్యాసెట్లకి లేబుళ్లు వేసే పని లైబ్రరీ వాళ్ల దగ్గర పది గంటలు ఇప్పించింది. 130 డాలర్లు. మిగతా 390కి రూమ్మేట్స్ దగ్గర అప్పు చేశా.

ఇంట్లో చెప్పకుండా ఉందామనుకున్నా గానీ అమ్మకి గొంతులోనే తెలిసిపోతుంది. నాన్న జెడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు. విని, "పది డాలర్లకా!" అని నవ్వి, తర్వాత చాలాసేపు మాట్లాడారు. ఒకసారి వాళ్ల కబడ్డీ జట్టులో ఒక కుర్రాడి వయసు తప్పని తేలితే మండలం పోటీల్లో జట్టు మొత్తాన్ని బయటికి పంపారట. మిగతా పిల్లలు ఏడుస్తుంటే ఆయనకి అన్నం సయించలేదట. "మరి అది అన్యాయం కాదా నాన్నా" అంటే, "అన్యాయమే. కానీ మరుసటేడు పిల్లలే ఒకడి సర్టిఫికెట్ ఒకడు చూసుకుని వచ్చార్రా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి నేనే అడిగా, ఆ వయసు తప్పు రాయించింది ఎవరు అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. అప్పటి హెడ్మాస్టరు, షీల్డు కావాలని. ఆయనకేమైంది? ఏమీ కాలేదు, బదిలీ మీద టౌనుకి వెళ్లిపోయాడు.

రెండు వారాలయ్యాక పనికి వెళ్లా. ఎవరూ ఏమీ అనలేదు. కోచ్ ఒకడు భుజం తట్టి "నెక్స్ట్ టైమ్ పర్‌డ్యూ వద్దు" అన్నాడు, అంటే అందరికీ తెలుసన్నమాట. ఈ మధ్య 2025 అక్టోబర్‌లో, ప్రొఫెషనల్ ఆటల మీద పందెం కట్టుకోవచ్చని ఎన్‌సీఏఏ తీర్మానం చేస్తే, నవంబర్‌లోనే యూనివర్సిటీలు ఓటేసి దాన్ని కొట్టేశాయి. వాళ్లకే తేలడం లేదు.

2024 మార్చిలో మా అపార్ట్‌మెంట్‌లో మళ్లీ పూల్ పెట్టారు. ఫీజు లేకుండా నింపుకుంటే తప్పులేదని రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని, నా బ్రాకెట్ ఒక్కణ్ణే నింపి ఫ్రిజ్ మీద అంటించా. మొండితనంతో మళ్లీ పర్‌డ్యూనే రాశా. ఈసారి పర్‌డ్యూ ఫైనల్ దాకా వెళ్లి యూకాన్ చేతిలో 75-60తో ఓడింది. మావాడు ఫ్రిజ్ ముందు నిలబడి లెక్కలు వేసి, "మామా, నువ్వు కూడా కట్టుంటే రెండో ప్లేస్" అన్నాడు.

మా పూల్‌లో రెండో ప్లేస్‌కి డబ్బుల్లేవు. బిర్యానీ మాత్రం పెట్టారు.